పటంలో పూసిన పువ్వు

మా బీకానేర్‌లో ఫూల్‌బాగ్ అనే కాలనీ ఒకటుంది. పేరు విని ఎవరైనా పూలు చూద్దామని వస్తే పాపం, వాళ్ల ఖర్మ. అక్కడ కాసేది జమ్మి, పూసేది తుమ్మ. తక్కినదంతా ఇసుక, ఇటుక, మేడల మీద నీళ్ల ట్యాంకులు. మరి ఆ పేరెలా వచ్చిందయ్యా అంటే చదువుకున్నవాళ్లందరిదీ ఒకటే మాట. మహారాజుల కాలంలో అక్కడ పూలతోట ఉండేదట, కావాలంటే పాత పటంలో చూసుకోవచ్చట. పటంలో ఉన్నమాట నిజమే. కోటకు పడమరగా, అరచేతి మేర, ఎనిమిది రేకుల బంగారు పువ్వు ఒకటి దర్జాగా విచ్చుకుని ఉంటుంది. ఆ నేల మీద ఏనాడూ ఒక్క మొగ్గయినా వెయ్యలేదని తెలిసినవాళ్లు ఊరు మొత్తానికి ఇద్దరే. ఒకరు చున్నీబాయి. ఆమె నోరు చేసుకుంటుంది గానీ ఆమె మాట ఎవరూ నమ్మరు. రెండోవాడు కరామత్ అలీ ఉస్తా. ఆయన ఏం చెప్పినా నమ్ముతారు గానీ ఆయన నోరు విప్పడు. విప్పడానికి మొహం చెల్లదు, ఎందుకంటే ఆ పువ్వు వేసింది ఆయనే.

ఉస్తాలంటే మా ఊళ్లో బంగారు కలం పనివాళ్లు. కోట గోడల మీదా, ఒంటె తోలు అత్తరు కుప్పెల మీదా బంగారు తీగలు పాకించిన వంశం. కరామత్‌కు ఆరేళ్లప్పుడే తండ్రి అజీముద్దీన్ చేతికి ఉడత తోక వెంట్రుకల కుంచె ఇచ్చాడు. ఆ ముసలాయన పనిలో రాక్షసుడు. కొడుకు వేసిన కుప్పెను కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు. ఎక్కడైనా చిటికెడు చోటు మిగిలిపోయిందా, అయిపోయిందన్నమాటే.

"ఏంట్రా ఇక్కడ ఇంత ఖాళీ? నీ పెళ్లికి పందిరేద్దామని అట్టిపెట్టావా?"

పందిరి మాట విని వీధివీధంతా నవ్వేది. కరామత్ చెవులు ఎర్రబడేవి. అలా పదేళ్లు తిట్లు తిన్నాక ఖాళీ చోటు కనిపిస్తే చాలు, ఆయన చేతి వేళ్లు వాటంతటవే కదిలేవి. అన్నం పళ్లెంలో కూడా మధ్యలో చోటు వదిలేవాడు కాడని భార్య జుబేదా ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. ఏ పని మొదలుపెట్టినా ముందు బొమ్మను పల్చటి కాగితం మీదికి ఎత్తుకుని, గీతల పొడుగునా సూదితో సన్నటి చిల్లులు పొడుస్తారు. దాన్ని ఖాకా అంటారు. ఖాకాను గోడకు ఆనించి, బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో తడితే చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద చుక్కల గీత పడుతుంది. దాని మీద రంగు, రంగు మీద బంగారం. పని అయిపోయాక కూడా ఖాకాను పారెయ్యరు. తాత పొడిచినదాన్ని మనవడు వాడుకుంటాడు. ఉస్తాల ఇళ్లలో బంగారం లేకపోయినా ఖాకాల ట్రంకుపెట్టె మాత్రం తప్పకుండా ఉంటుంది.

రాజులు పోయారు, రాజులతో పాటు బంగారం పనీ పోయింది. ఇరవై ఏడేళ్ల వయసులో కరామత్ పట్టణ దఫ్తరులో నక్షాల విభాగంలో చేరాడు. పాత పటాలకు నకళ్లు తియ్యడం ఉద్యోగం. చేరిన మూడో నెలలోనే పెద్ద పని తగిలింది. మహారాజుల నాటి గుడ్డపటం ఒకటి మడతల దగ్గర చినిగిపోతోంది. ఊరికి అంతకంటే పాత పటం లేదు. అది పోయేలోగా అచ్చు గుద్దినట్టు నకలు తియ్యమన్నాడు విభాగాధికారి.

తక్కినవాళ్లయితే ఏం చేసేవాళ్లో గానీ కరామత్ తనకు చేతనైన పద్ధతే పట్టాడు. పటం మీద పల్చటి కాగితం పరిచి, నాలుగు ముక్కలుగా, ప్రతి గీతనూ ఎత్తుకున్నాడు. సందులు, గుమ్మాలు, బావులు, కోట బురుజులు, రాసి ఉన్న అక్షరాలు, అన్నీ. అధికారి ఒక పూటంతా కూర్చుని అసలు పటంతో పోల్చి చూసి, నాలుగు ముక్కల మీదా 'సరిచూశాను' అని సంతకం చేసి, తారీఖుతో మొహరు వేశాడు. ఆ తర్వాతే కరామత్ సూది తీసుకుని చిల్లులు పొడిచాడు.

పడమటి ముక్కలో ఒకచోట మడత పడి అసలు గీతలు మసకబారి ఉన్నాయి. ఎత్తినది సరేనో కాదో నేల మీదికి వెళ్లి చూసిరమ్మన్నారు. కరామత్ ఎండలో సైకిలు తొక్కుకుంటూ చందోలాయి చెరువు దాకా వెళ్లాడు. చెరువు కంటే ముందు విశాలమైన బోడి నేల, చెరువు వైపుకు వాలుగా. గడ్డిపోచ లేదు, పేడకడి లేదు, ఎవరో ఇప్పుడే ఊడ్చి వెళ్లినట్టుంది. సైకిలు దిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఎక్కడినుంచో ఒక ఆడగొంతు తుపాకీలా పేలింది.

"ఏయ్! చెప్పులు! నీ చెప్పులు కాలిపోనూ!"

ముసుగు ముక్కు దాకా లాక్కుని ఒక పడుచు పరిగెత్తుకుంటూ వస్తోంది, చేతిలో చీపురు. చెరువు కాపలా చూసే జేఠారామ్ భార్య చున్నీబాయి.

"ఏమైందమ్మా?" అన్నాడు కరామత్ బిత్తరపోయి.

"ఏమైందా? ఇది ఆగోర్. ఇక్కడ పడ్డ వాన చుక్క చుక్కా జారి చెరువులోకి పోతుంది. ఆ నీళ్లే మీ పట్నంవాళ్లు తాగుతారు. నీ ఇంట్లో నీళ్లకుండలో చెప్పులు ముంచుతావా?"

కరామత్ చెప్పులు విప్పి చేతబట్టుకున్నాడు. జ్యేష్ఠ మాసపు ఎండ, కాళ్లు పెనం మీద పెట్టినట్టు కాలుతున్నాయి. ఎగురుకుంటూ ఆగోర్ అంచు రాళ్లన్నీ తిరిగి చూసుకున్నాడు. పటంలో చుక్కల గీత సరిగ్గా ఆ రాళ్ల వెంబడే ఉంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ పడుచే మట్టి ముంతతో నీళ్లు తెచ్చి పోసింది. ఎగురుతూ తిరిగినవాణ్ణి చూసి ముసుగు చాటున నవ్వు ఆపుకుంటోందని కరామత్‌కు తెలుస్తూనే ఉంది. అలాంటి తియ్యటి నీళ్లు మళ్లీ తాగలేదని ఆయన చాలా ఏళ్ల తర్వాత కూడా అనుకునేవాడు.

ఇక నకలు వేసే పని మొదలైంది. ఊరంతా వచ్చేసింది. చీమల్లాంటి ఇళ్లు, తీగల్లాంటి సందులు. పడమర మాత్రం అరచెయ్యంత తెలుపు. ఆ తెలుపు చుట్టూ కనీకనపడని చుక్కల గీత, లోపల చిన్న అక్షరాలతో 'చందోలాయి ఆగోర్'. అంతే. కరామత్ దాన్ని ఒక రోజు చూశాడు, రెండు రోజులు చూశాడు. మూడో రోజు వేళ్లు ఆగలేదు. ఉత్తర దిక్కు గుర్తు ఎలాగూ ఎక్కడో ఒకచోట వెయ్యాలి. ఎనిమిది దిక్కులకు ఎనిమిది రేకులు. రేకుల మధ్య సన్నటి ఆకులు. ఇంట్లో మిగిలిన బంగారు రేకు కూడా తెచ్చి అద్దాడు. చుక్కల గీత ఆకుల కింద పడిపోయింది, అక్షరాలు రేకుల కింద పడిపోయాయి. ఆయనకు తెలియక కాదు. ఆ సమయంలో తెలిసే చేశాడు. ఆగోర్ అందరికీ తెలిసిందే, గీత లేకపోతే నేల ఎక్కడికి పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఖాళీ నేలను ఖాళీగానే చూపించడం కూడా ఒక పనేనని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నకలు చూసి దఫ్తరంతా నోరు వెళ్లబెట్టింది. బంగారం మెరుపులో ఎవరూ మళ్లీ అసలుతో పోల్చి చూడలేదు. అధికారి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. కరామత్ ఉద్యోగం ఖాయమైంది. ముసలి అజీముద్దీన్ కూడా వచ్చి చూసి, ముక్కు అద్దానికి ఆనించి ఊరంతా వెతికి, "ఫర్వాలేదు, ఎక్కడా పందిరికి చోటు వదల్లేదు" అన్నాడు. జన్మలో తండ్రి మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. కరామత్ ఆ రాత్రి నిద్రపోలేదు, సంతోషంతో.

ఆరేళ్లకు మా ఎడారిలో కురవక కురవక ఒక వాన కురిసింది. దఫ్తరు కప్పు కారింది. గుడ్డపటం గంజిలో నానేసిన పాత చొక్కాలా తయారైంది, విప్పితే ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. పోతే పోనీ, నకలుందిగా అన్నారు అందరూ. అప్పుడు మొదటిసారి కరామత్ గుండెల్లో రాయి పడింది. అసలు పోయింది, ఇక ఊరికి సాక్ష్యం తన పువ్వే. కానీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఖాకా ఉంది, మొహరుతో సహా ఉంది. తెచ్చి చూపిస్తే ఒక్క క్షణం పని. రేపు చూపిద్దాం అనుకున్నాడు. ఉద్యోగంలో పైమెట్టు వచ్చే సమయం, ఇప్పుడెందుకులే అనుకున్నాడు. అలా వాయిదా వేసిన రేపు నాలుగేళ్లయింది.

నాలుగేళ్ల తర్వాత కాలవ నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఇంటింటికీ కొళాయి. చెరువు ముఖం చూసేవాడు లేకుండా పోయాడు. దఫ్తరులో పటం విప్పారు. కోటకు పడమర ఎప్పుడో ఎండిపోయిన రాజుగారి పూలతోట, పక్కనే తోటకు నీళ్లిచ్చిన చెరువు. తోట ఎలాగూ లేదు కాబట్టి ప్లాట్లు కొట్టేశారు, ఫూల్‌బాగ్ అని పేరు పెట్టారు. ఉద్యోగులకూ కొన్ని ప్లాట్లు కేటాయించారు. ఆ జాబితాలో కరామత్ అలీ పేరు మూడోది.

వద్దనొచ్చు. అనలేదు. పెళ్లయిన పదకొండేళ్లుగా జుబేదా అత్తవారింట ఒక్క గదిలో, మధ్యలో దుప్పటి కట్టుకుని కాపురం చేస్తోంది. పేరు చూసి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు చూశాక వద్దనడానికి నోరు రాలేదని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి నోరు రానిది అంతకు ముందు నుంచే.

ఇల్లు లేచింది. కానీ వాన నీళ్లు పటాలు చదవవు కదా, వాటికి పాత దారే తెలుసు. ఎప్పుడు నాలుగు చినుకులు పడినా ఎక్కడెక్కడి నీళ్లూ వాలున జారి వచ్చి కరామత్ గడప దగ్గర చేరేవి.

"ఏమండీ, ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఈ నీళ్లకు మన గడపే దొరికిందా?" అని జుబేదా చీపురుతో తోసేసేది.

ఆయన తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్లి కూర్చునేవాడు.

చెరువు అడుగు బీటలు వారింది. జేఠారామ్ చెరువు కంటే ముందే పోయాడు. చున్నీబాయి మాత్రం చీపురు వదల్లేదు. ఇళ్లు పడగా మిగిలిన పన్నెండు బీఘాల నేలను ఇప్పటికీ పొద్దున్నే ఊడుస్తుంది. దాన్ని కూడా ప్లాట్లు కొడతారన్న మాట పుట్టినప్పటినుంచి అర్జీల మీద అర్జీలు పెట్టింది. అర్జీ రాయడానికి ఊళ్లో ఎవరి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అడిగితే జనం ఎవరి ఇల్లు చూపించారనుకున్నారు? ఉస్తాజీ ఇల్లే.

మొదటిసారి ఆమె వసారా మెట్టు మీద కూర్చుని, "భాయీసా, ఒక అర్జీ రాసిపెట్టు. నాకు అక్షరాలు రావు గానీ అబద్ధాలూ రావు" అన్నప్పుడు కరామత్‌కు చెమటలు పట్టాయి. ఆమె గుర్తుపట్టలేదు. గడ్డం నెరిసింది, కళ్లజోడు వచ్చింది. రాశాడు. ఆగోర్ ఉందనీ, దాని హద్దు రాళ్లు ఫలానా చోట ఉండేవనీ, ఆమె చెప్పిన దానికంటే వివరంగా రాశాడు.

"అబ్బో, నేను చెప్పనివి కూడా రాశావే! నీకెలా తెలుసు?"

"పాత దఫ్తరువాణ్ణి కదా, బాయీసా."

జవాబు వచ్చింది. పాత పటంలో ఆగోర్ లేదు, పూలతోట ఉంది. రెండోది రాశాడు. అదే జవాబు. అలా పదకొండు. దఫ్తరు గుమాస్తాలు ఆమెను చూస్తేనే "వచ్చిందండీ తోటమాలి" అని నవ్వుకునేవారు. ఆమె మాత్రం అర్జీ రాసిన ప్రతిసారీ ఎండబెట్టిన జమ్మికాయల మూట ఒకటి తెచ్చి మెట్టు మీద పెట్టేది. జుబేదా వాటిని కేర్ అనే ఎడారి కాయలతో కలిపి నూనెలో ఘుమఘుమలాడేలా వండేది. పళ్లెం ముందు కూర్చుంటే కరామత్‌కు ముద్ద దిగేది కాదు. ఆకలి లేదనేవాడు. అర్జీలో ఒక చేత్తో నిజం రాస్తూ, ఆ నిజానికి రుజువును ఇంకో చేత్తో పెట్టెలో తాళం వేసుకున్న మనిషికి ఆకలెలా వేస్తుంది?

చెప్పకపోవడానికి ఇప్పుడు ఇంకా పెద్ద కారణం దొరికింది. రెండు వందల ఇళ్లున్నాయి. అందరూ ఈద్‌కు సేమియాలు తిన్నవాళ్లే, దీపావళికి మిఠాయి పంపినవాళ్లే. వాళ్ల ఇళ్ల కింద నుంచి నేల లాగేస్తానా అనుకునేవాడు. మంచి కారణమే. పిరికివాడికి మంచి కారణాలే దొరుకుతాయి, అదేం చిత్రమో.

గత చలికాలం గార్గీ హర్ష్ అనే అమ్మాయి ఆయన ఇంటికి వచ్చింది. మా ఊరి పిల్లే, జోధ్‌పూర్‌లో పరిశోధన చేస్తోంది. ఊరు ఎప్పుడు ఎంత పెరిగిందో పాత పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తుందట. ఒక్కో కాలానికి ఒక్కో గాజులాంటి ప్లాస్టిక్ షీటు, ఒక్కో రంగు. అన్నిటికీ అడుగున ఉండేది కరామత్ నకలు.

"ఉస్తాజీ, ఎడారిలో పూలతోట! నా పరిశోధనంతటికీ అదే ప్రాణం. అసలు పటంలో ఆ తోట ఎలా ఉండేది? మీరొక్కరే కదా చూసినవాళ్లు."

కరామత్ టీ గ్లాసు కింద పెట్టాడు. పక్క గదిలోనే ట్రంకుపెట్టె. ఇరవై అడుగుల దూరం.

"ఏమో బేటీ, ముసలితనం. గుర్తులేదు" అన్నాడు.

నలభై మూడేళ్లుగా ఊరుకున్నాడు గానీ నోరు తెరిచి అబద్ధం చెప్పింది అదే మొదలు. ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టి వెళ్లాక కరామత్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఊరు పుట్టినరోజు అఖా బీజ్. ఆ రోజు మా బీకానేర్‌లో ఎంత ఎండ కాస్తే అంత పండగ. మేడల మీద గాలిపటాలు, ఇళ్లలో గోధుమ కిచిడీ, చింతపండు పానకం. ఆ రోజే గార్గీ పటాల ప్రదర్శన పెట్టింది, పాత బడి హాల్లో. కరామత్‌కు శాలువా కప్పారు. గోడకు ఆయన పటం నిలువెత్తున అచ్చు వేసి అంటించారు, పువ్వు బండి చక్రమంత ఉంది. ఆయన చేత్తో వేసిన నకలును మాత్రం బల్ల మీద అద్దం కింద పెట్టారు. వచ్చే నెల పన్నెండు బీఘాల మీద నిర్ణయం కాబట్టి దఫ్తరు అధికారి కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. గార్గీ షీటు మీద షీటు పరుస్తూ, కోట చుట్టూ ఊరు ఎలా పాకిందో చెబుతోంది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి గొంతు లేచింది. గొంతుకు ముసలితనం రాలేదు.

"అక్కడ తోట లేదు! ఆగోర్!"

"మొదలైంది" అన్నాడు అధికారి నుదురు కొట్టుకుని. "ముసలమ్మా, పండగపూట కూడా వదలవా?"

గార్గీ మర్యాదగానే అంది. "మాజీసా, నేను పటం చూసి చెబుతున్నాను. మీ దగ్గర ఏమైనా కాగితం ఉందా?"

"కాగితం లేదమ్మా. కానీ సాక్షి ఉన్నాడు. పటం వెయ్యడానికి ఒక కుర్రాడు వచ్చాడు, చెప్పులేసుకుని ఆగోర్‌లోకి! నేనే విప్పించాను. కోతిలా ఎగురుకుంటూ రాళ్లన్నీ లెక్కపెట్టుకున్నాడు. నా చేతి నీళ్లు తాగాడు. ఆగోర్ అని వాడికి తెలుసు. వాడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో పోయాడో!"

హాలంతా నవ్వింది. కోతి మాటకు నవ్వారు. నవ్వనిది ఇద్దరే. కరామత్ లేచి నిలబడ్డాడు. శాలువా జారి కుర్చీలో పడింది.

"ఉన్నాడు, బాయీసా" అన్నాడు. "నేనే." నవ్వు ఆగిపోయింది. "అరగంట కూర్చోండి. ఎవరూ వెళ్లకండి."

ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నారు కొందరు. ఆయన ఆటో ఎక్కి ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తెరిచాడు. వంటింట్లోంచి జుబేదా వచ్చింది. ఏమిటని అడిగితే, వంగి కాగితాలు తీస్తూనే నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని వింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఈ ఇల్లంటే నీకు ప్రాణం కదా."

"అంటే తప్పు మీరు చేసి, దాని మీద నా పేరు రాసి పెట్టెలో పెట్టారన్నమాట!" ఆవిడ గుమ్మం వదిలి దగ్గరికొచ్చింది. "చున్నీబాయి తెచ్చిన కాయలు నా చేత వండించారు. నేను లొట్టలేసుకుంటూ తిన్నాను. లేవండి, త్వరగా వెళ్లండి."

హాల్లో ఎవరూ కదల్లేదు. కరామత్ పడమటి ఖాకాను విప్పి గోడ మీది పటానికి ఆనించాడు. కాగితం పసుపు రంగుకు తిరిగింది గానీ చిల్లులు అలాగే ఉన్నాయి. అది అసలు కొలతకు ఎత్తింది, గోడ మీదిది పెద్దది. కుదరలేదు. గార్గీ బల్ల మీది అద్దం తీసి, చేత్తో వేసిన ఆ నకలునే తెచ్చి ముందు పెట్టింది, పైన ఒక ఖాళీ ప్లాస్టిక్ షీటు పరిచింది. కోట బురుజుకు బురుజు, బావికి బావి. ఈసారి అతికినట్టు సరిపోయింది. కరామత్ వెంట తెచ్చిన బొగ్గుపొడి మూట చున్నీబాయికి అందించాడు.

"మీరే తట్టండి. నా చేతులు చేసింది చాలు."

ఆమె తట్టింది, మెల్లగా, పసిబిడ్డ వీపు తట్టినట్టు. కరామత్ ఖాకా ఎత్తేశాడు. బంగారు రేకుల మీద నుంచి నల్లటి చుక్కల గీత బారుగా నడిచి, చుట్టు తిరిగి, చెరువు గట్టు దగ్గర కలిసింది. మధ్యలో అక్షరాలు పడ్డాయి. గార్గీ వాటిని పైకి చదివింది. "చందోలాయి ఆగోర్." తర్వాత ఖాకా అంచున మొహరునూ తారీఖునూ సంతకాన్నీ భూతద్దంతో చూసింది. చూసి, అధికారి చేతికిచ్చింది. ఆయన కూడా చూశాడు.

గార్గీ ఇవాళ్టి ఊరి షీటు తెచ్చి దాని మీద పరిచింది. చుక్కల లోపల రెండు వందల ఇళ్లు కనిపించాయి. వాటి పక్కన, ఇంకా ఖాళీగా, ఆ పన్నెండు బీఘాలు. "మీరు నాతో గుర్తులేదన్నారు" అంది, తలెత్తకుండా.

"అబద్ధం చెప్పాను, బేటీ."

ఫూల్‌బాగ్‌లో ఆయన ఎదురింటి హరిరామ్ స్వామి లేచాడు. "ఏం పని చేశారు ఉస్తాజీ! మా అందరి ఇళ్ల మీదా గీత గీశారే!"

"ముందు నా ఇంటి మీదే గీశాను హరిరామ్. చూడు, ఇదిగో నా గడప. గీతకు లోపల."

హరిరామ్ చూశాడు. కోపం దిగలేదు గానీ కూర్చున్నాడు.

చున్నీబాయి ఆ గీత వైపే చూస్తూ మసి అంటిన చేతులు ఓఢ్నీ కొంగుకు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాడు కరామత్. తిడితే బాగుండుననుకున్నాడు.

"పదకొండు అర్జీలు రాశావు నాకు" అంది.

"అవును బాయీసా."

"ప్రతిసారీ చివర్న నా వేలిముద్రే వేయించావు."

కరామత్ తల దించుకున్నాడు. ఆ వేలికి తానే సిరా పూసేవాడు.

"పన్నెండోది రాయి. ఇప్పుడే, ఇక్కడే. ఈసారి కింద నీ పేరు పెట్టు."

రాశాడు. ముత్యాల్లాంటి చేతిరాత ఆ రోజు వంకర్లు పోయింది. అధికారి తీసుకుని, రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకున్నాడు. ఏమవుతుందో చెప్పలేదు, చెప్పగలిగినవాడూ కాదు. శాలువా మాట ఎవరూ ఎత్తలేదు. అది కుర్చీలోనే ఉండిపోయింది.

ఇంటికి నడిచే బయల్దేరాడు కరామత్. మేడల మీద "బోయ్ కాట్యా!" అని కేకలు, తెగిన గాలిపటాలు. ఫూల్‌బాగ్ మొదట్లో కిరాణా కొట్టు మూల దగ్గర ఆగాడు. అక్కడ ఒకప్పుడు ఆగోర్ హద్దు రాయి ఉండేది. ఆ రాయి పీకేసి కొట్టు అరుగు కింద వేశారని ఆయనకు తెలుసు. వంగి చెప్పులు విప్పాడు. తారురోడ్డు కుతకుత ఉడుకుతోంది. ముందు అప్పట్లాగానే ఎగిరాడు, తర్వాత ఎగరడానికి ఓపిక లేక నడిచాడు. జనం కిటికీల్లోంచి చూశారు, ఎవరూ పలకరించలేదు.

గుమ్మంలో జుబేదా ఎదురొచ్చింది. ఆయన ముఖం చూసి ఏమీ అడగలేదు. కాళ్లు చూసి మాత్రం అడిగింది.

"చెప్పులేవీ?"

"హద్దు దగ్గర వదిలేశాను" అన్నాడు. "రేపటినుంచి నువ్వూ అక్కడే వదిలెయ్యి."